గట్టు మీద పెద్ద చెట్టు: ఎర్ర జిగురు, గరుకు బెరడు, కానుగ లాంటి ఆకు. ఇది ఏం చెట్టు?

పడమటిగట్టు:

అందరికీ నమస్కారం. గిద్దలూరు వైపు, నల్లమల కొండలు మొదలయ్యే చోట మా అత్తగారి వాళ్లకి మెట్ట పొలం ఉంది. కంది, ఆముదం వేస్తారు. పడమటి గట్టు మీద ఒక పెద్ద చెట్టు ఉంది. దాని పేరు ఇంట్లో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోతున్నారు. కంది కోత అయ్యాక గట్టు సరిచేయడానికి జేసీబీని పిలుస్తున్నారు, చెట్టు అడ్డంగా ఉంది కాబట్టి తీసేద్దామని మా మరిది అంటున్నాడు. ఇంతలో పక్క పొలం ఆయన వచ్చి, అది ఎర్రచందనం, ముట్టుకుంటే కేసు అవుతుంది అని చెప్పి వెళ్లాడు. అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. కేసు సంగతి ఎలా ఉన్నా, అంత పెద్ద మానుని పేరు కూడా తెలుసుకోకుండా కొట్టేయడం నాకు అస్సలు ఇష్టం లేదు.

నేను పుట్టి పెరిగింది తెనాలి దగ్గర. కాలవ గట్ల మీద ఉండే తుమ్మ, కానుగ, నిద్రగన్నేరు, రావి చూడగానే చెప్పేస్తాను. ఈ కొండవైపు చెట్లు మాత్రం నాకు కొత్త.

చూసినంత వరకు చెబుతాను. ఆకులు నున్నగా, ముదురు ఆకుపచ్చగా, కొంచెం దళసరిగా ఉన్నాయి, చూడగానే కానుగ అనిపించింది. బెరడు బూడిద రంగు, నిలువుగా పగుళ్లు, అక్కడక్కడా పెచ్చులు లేచి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కొడవలితో గాటు పెట్టిన చోట ఎర్రటి జిగురు కారి, ఎండి దాదాపు నల్లగా గడ్డకట్టింది. మాను చుట్టూ చేతులు వేస్తే నాకు అందదు. రెండంతస్తుల మేడ కంటే ఎత్తు. ఇప్పుడు పూత లేదు. ఆకు ఫోటో పెడితే ఫోన్‌లో ఒక యాప్ కానుగ అంది, ఇంకో యాప్ జిట్రేగి అంది. ఫోటోలు పెడుతున్నాను, ఒకటి మానుది, రెండు ఆకులవి. తెలిసినవాళ్లు చెప్పండి.

చేను_చెలక:

మాది చెన్నూరు వైపు అక్కా. మాను ఫోటో చూడగానే నాకు నల్లమద్ది గుర్తొచ్చింది. మా దగ్గర దసలి పట్టు పురుగుల్ని మద్ది చెట్ల మీదే పెంచుతారు, అందుకని చిన్నప్పటినుంచి చూస్తున్న చెట్టు. ముదిరిన నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లు గళ్లుగా లోతుగా చీలి ఉంటుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. ఎండాకాలంలో కొన్ని మానుల్లో నీళ్లు కూడా నిల్వ ఉంటాయి. 2024 మార్చిలో పాపికొండలు నేషనల్ పార్కులో అటవీ అధికారులు ఒక నల్లమద్దికి గాటు పెడితే నీళ్లు ధారగా చిమ్మిన వీడియో చాలామంది చూసే ఉంటారు. ఆ సంగతి అక్కడి కొండరెడ్లకు ఎప్పటినుంచో తెలుసు, వాళ్లు చెబితేనే అధికారులు చూశారు.

అయితే మీ ఫోటోలో బెరడు రంగు మద్దికి ఉండాల్సినంత నలుపు లేదు, ఎర్ర జిగురు అనేది కూడా నాకు పొసగడం లేదు. ఆకు ఇంకొంచెం దగ్గరగా తీసి పెట్టండి, అది కూడా కొమ్మతో కలిపి. మద్ది అయితే ఆకులు ఒక్కొక్కటిగా విడివిడిగా, కొమ్మకు ఎదురెదురుగానో దాదాపు ఎదురెదురుగానో ఉంటాయి. ఆకు తిప్పి చూస్తే అడుగు వైపు, తొడిమకు దగ్గరలో, నడిమి ఈనె పక్కన రెండు చిన్న బుడిపెలు కనిపిస్తాయి. అవి ఉంటే మద్దే. లేకపోతే నా మాట వదిలేయండి.

లంకమల:

అమ్మా, మాది బద్వేలు పక్క. ఎర్రచందనం మా కొండల్లో పుట్టిన చెట్టు. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, ఇంకా మీ వైపు నల్లమల దక్షిణ భాగం, ఇదే దాని సొంత ఊరు, ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో సహజంగా ఇలా పెరగదు. కాబట్టి మీ పక్క పొలం ఆయన మాట గాలిమాట ఏమీ కాదు, ఆ ప్రాంతంలో ఆ అనుమానం రావాల్సిందే.

కానీ జిగురు ఎర్రగా ఉంది కాబట్టి ఎర్రచందనం అనడం మాత్రం తప్పు. మోదుగకు గాటు పడితే కారేది ఎర్ర జిగురే. వేగిస అనే ఇంకో అడవి చెట్టుకూ అంతే, ఇంకా ఎక్కువ కారుతుంది. ఎర్రచందనానికి కూడా బెరడు తెగితే ఎర్ర రసం వస్తుంది. అంటే జిగురు చూసి ఈ మూడింట్లో ఏదో ఒకటి అయ్యుండొచ్చు అనుకోవాలి తప్ప, అంతకంటే ముందుకు పోకూడదు. చందనం ఎరుపంతా లోపల చేవలో ఉంటుంది. పైన ఉండే కర్ర తెల్లగానే ఉంటుంది, బయటినుంచి చూసి దాని విలువ ఎవరికీ తెలియదు. చాలామంది చేసే పని ఏంటంటే, చూద్దాం అని గొడ్డలితో ఒక వేటు వేస్తారు. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. చెట్టు పేరు తెలుసుకోవడానికి చెట్టును నరకాల్సిన అవసరం ఎప్పుడూ లేదు, ఆకు, కాయ, బెరడు పైపైన చూస్తే చాలు.

మా చందనం బెరడు నల్లటి గోధుమ రంగు, నిలువునా అడ్డంగా లోతుగా చీలి చిన్న చిన్న పలకలుగా కనిపిస్తుంది. మీ ఫోటోలో నిలువు పగుళ్లే ఎక్కువ, పైగా రంగు బూడిద. ఇంకో విషయం, చందనం పెద్దగా లావెక్కే జాతి కాదు. మనిషి చేతులకు అందనంత మాను అడవిలో ఇప్పుడు చాలా అరుదు. అయినా ఆకు సరిగా చూడకుండా నేను ఏ మాటా ఖాయంగా చెప్పను. ఒక్కో ఆకుకు ఎన్ని రెబ్బలు ఉన్నాయో లెక్కపెట్టి చెప్పండి.

కేసు గురించి కూడా ఒక మాట. మీ పట్టా పొలంలో ఎర్రచందనం చెట్టు నిలబడి ఉండటం నేరం కాదు. చాలామంది రైతులు పెంచుతున్నారు. కొట్టాలన్నా, దుంగ కదిలించాలన్నా మాత్రం అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. కాబట్టి ఏం చెట్టో తేలేదాకా జేసీబీని ఆపండి, అది చాలు, అంతకు మించి భయపడాల్సింది ఏమీ లేదు.

ఆకుపుస్తకం:

మేడమ్, నేను వృక్షశాస్త్రం చెప్పి రిటైర్ అయినవాణ్ణి, ఈ తూర్పు కనుమల చెట్లంటే నాకు ప్రాణం. మీరు బాగా గమనించారు, ఇంకొంచెం చూస్తే మీరే తేల్చుకోగలరు. అందుకే జవాబు చెప్పే ముందు ఎలా చూడాలో చెబుతాను, కొంచెం పొడుగు అవుతుంది.

మొట్టమొదటి ప్రశ్న, మీరు ఆకు అంటున్నది నిజంగా ఆకేనా, లేక ఆకులో ఒక ముక్కా? మీ రెండు ఫోటోల్లోనూ విడిగా తుంచిన ఆకు అరచేతిలో పెట్టి తీశారు. అలా తీసిన ఫోటోతో యాప్ కాదు గదా నేనూ చెప్పలేను. వేపాకు తీసుకోండి. మనం వేపాకు అని తుంచి చేతిలో పట్టుకునే ఆ చిన్న రంపపు అంచు ముక్క శాస్త్రం లెక్కలో ఆకు కాదు, ఆ రెబ్బలన్నీ ఉన్న మొత్తం ఈనె ఒక ఆకు. ముక్కను పత్రకం అంటాం, రైతులు రెబ్బ అంటారు. తేడా కనిపెట్టడానికి పుస్తకం అక్కర్లేదు. ఆకు తొడిమ కొమ్మకు అతుక్కున్న చోట, ఆ పై వంపులో, చిన్న మొగ్గ ఒకటి ఉంటుంది. మొగ్గ ఎక్కడ ఉందో అక్కడ ఆకు మొదలవుతుంది. రెబ్బ మొదట్లో మొగ్గ ఉండదు. మీరు ఆ మొగ్గ దగ్గర్నుంచి మొత్తం ఆకును చూసి, అందులో రెబ్బలు ఎన్ని ఉన్నాయో, అవి ఎదురెదురుగా ఉన్నాయో లేక ఒకటి ఇటు ఒకటి అటు మార్చి మార్చి ఉన్నాయో రాయండి. కానుగా కాదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. కానుగలో చివర ఒంటరిగా ఉండే రెబ్బ తప్ప మిగతావి ఎదురెదురు జంటలుగా ఉంటాయి, రెబ్బ కొస సన్నగా మొనదేలి ఉంటుంది, నలిపితే ఒక ఘాటు వాసన వస్తుంది. మీరు తెనాలి వాళ్లు కాబట్టి ఆ వాసన మీకు తెలుసు.

ఆ తర్వాత రెబ్బ కొస చూడండి. మొనదేలి ఉందా, గుండ్రంగా ఉందా, లేక గుండ్రంగా ఉండి నడిమి ఈనె ముగిసే చోట చిన్న నొక్కు ఉందా? ఈ నొక్కు చాలా పనికొచ్చే గుర్తు. అడుగు భాగం వేలితో రాసి చూడండి, నున్నగా ఉందా, సన్నటి నూగు ఏమైనా ఉందా. వెలుతురుకు అడ్డం పట్టి పక్క ఈనెలు దగ్గర దగ్గరగా ఉన్నాయా దూరం దూరంగా ఉన్నాయా చూడండి.

ఆకులు ఎక్కడినుంచి తీస్తున్నారన్నది కూడా ముఖ్యం. మాను మొదట్లో, నరికిన చోట పుట్టుకొచ్చే చిగుళ్ల ఆకులు చాలా చెట్లలో అసలు ఆకుల్లా ఉండవు, రెబ్బల లెక్క తగ్గుతుంది, సైజు పెరుగుతుంది. లేత మొక్కలూ అంతే. పైకొమ్మల్లో ఎండ తగిలే చోటి ఆకులు నాలుగైదు చూడాలి, ఒక్కటి చూసి రాయకూడదు. కింద రాలినవి చూస్తే పక్క చెట్టువి గాలికి వచ్చి పడ్డాయేమో తెలియదు, కాబట్టి కింద దొరికిన దాన్ని కొమ్మ మీది దానితో పోల్చి చూశాకే నమ్మండి.

బెరడును నేల దగ్గర కాదు, రొమ్ము ఎత్తులో చూడాలి. నేల దగ్గర ఏటేటా నిప్పు తగిలి, పశువులు రాసుకుని, చెదలు పట్టి ప్రతి చెట్టు బెరడూ ఒకేలా తయారవుతుంది. పెచ్చు ఎలా ఊడుతోంది, పగులు నిలువుగానే ఉందా అడ్డంగా కూడా ఉందా, పగులు లోపల రంగేంటి, ఇవి చూడండి. మాను బెరడుతోపాటు చేతి లావు కొమ్మ మీద బెరడు ఎలా ఉందో కూడా ఒక ఫోటో తీయండి. బెరడు ఒక్కదానితో చెట్టు పేరు చెప్పేవాళ్లు ఉన్నారు, అడవిలో పుట్టి పెరిగిన చెంచులు చెప్పగలరు, వాళ్లకు ఆ అలవాటు ఉంది. మనలాంటివాళ్లం ఆకు చూసి నాలుగైదు పేర్లు అనుకుని, బెరడు చూసి వాటిలో రెండు మూడు కొట్టేయడం మంచి పద్ధతి.

ఇప్పుడు సంక్రాంతి దాటింది కదా, చెట్టు కింద కాయలు ఉండాలి. వెతకండి. నేను ఊహిస్తున్నది నిజమైతే మీకు అక్కడ గుండ్రటి, బల్లపరుపు కాయలు దొరుకుతాయి. దొరికితే ఒక రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫోటో తీయండి, సైజు తెలుస్తుంది.

పడమటిగట్టు:

అందరికీ థ్యాంక్స్. సార్, మీరు చెప్పినట్టే ఇవాళ పొద్దున వెళ్లి చూశాను, మా అత్తయ్యగారు కూడా వచ్చారు.

మొగ్గ కనిపించింది. అంటే నేను ఆకు అనుకున్నది రెబ్బే. ఒక్కో ఆకుకు ఐదు నుంచి ఏడు రెబ్బలు ఉన్నాయి, మూడు ఉన్న ఆకు పైకొమ్మల్లో ఒక్కటీ కనపడలేదు. రెబ్బలు ఎదురెదురుగా లేవు, ఒకటి ఇటు ఒకటి అటు, చివర ఒకటి. కొస గుండ్రం, మీరన్న నొక్కు చాలా వాటికి స్పష్టంగా ఉంది. అడుగున నున్నగానే ఉంది, నూగు ఏమీ తగల్లేదు. పక్క ఈనెలు చాలా దగ్గర దగ్గరగా సన్నగా ఉన్నాయి. నలిపితే కానుగ వాసన రాలేదు, మామూలు పచ్చి వాసనే. చేను_చెలక గారు చెప్పిన బుడిపెలు లేవు.

కాయలు బోలెడు దొరికాయి! గుండ్రంగా, రూపాయి బిళ్లకు రెండింతల వెడల్పు, మధ్యలో గట్టిగా ఉబ్బు, చుట్టూ పల్చటి రెక్క. కొమ్మల మీద కూడా అవే వేలాడుతున్నాయి, కాబట్టి ఈ చెట్టువే. బెరడు రొమ్ము ఎత్తులో బూడిద రంగు, నిలువు పగుళ్లు, పెచ్చులు చిన్నవి. కొమ్మల మీద మాత్రం బాగా నున్నగా ఉంది. ఆ పాత గాటు దగ్గర ఎండిన జిగురు గోటితో గీకితే గాజుపెంకులా పెళుసుగా విరిగింది, వెలుతురుకు పడితే ముదురు ఎరుపు.

కాయ చూడగానే మా అత్తయ్య, ఆమె మామగారు ఈ చెట్టును ఏగిస అనేవారని, ఇంటి వెనక గుమ్మం దాని చెక్కదేనని అన్నారు. కొత్త ఫోటోలు పెట్టాను.

ఆకుపుస్తకం:

మీ అత్తగారి మామగారు చెప్పిందే నిజం. ఇది ఏగిస, వేగిస అని కూడా అంటారు, కొన్నిచోట్ల పెద్దేగి. శాస్త్రీయనామం టెరోకార్పస్ మార్సూపియం. ఎర్రచందనం టెరోకార్పస్ శాంటలినస్, అంటే రెండూ ఒకే ప్రజాతి, అన్నదమ్ముల్లాంటి చెట్లు. మీ పక్క పొలం ఆయన దగ్గరి చుట్టం పేరే చెప్పారు.

ఏవి తీసేశామో చెబుతాను, ఇంకోసారి ఇంకో చెట్టుకు పనికొస్తుంది. రెబ్బలున్న ఆకు అనగానే మద్ది పోయింది, మద్దివి విడి ఆకులు. రెబ్బలు మార్చి మార్చి ఉన్నాయి అనగానే కానుగ పోయింది. మోదుగకు ఎప్పుడూ మూడే రెబ్బలు, అవి కూడా విస్తరి కుట్టుకునేంత పెద్దవి, కాబట్టి అదీ పోయింది. యాప్ చెప్పిన జిట్రేగి, అంటే ఇరుగుడు, అది మాత్రం బాగా మోసం చేసే చెట్టు. దానికీ ఐదు నుంచి ఏడు రెబ్బలు, అవీ మార్చి మార్చి, కొసన నొక్కు కూడా ఉండొచ్చు. ఆకు ఫోటో మాత్రమే చూసి యాప్ ఆ పేరు చెప్పడంలో ఆశ్చర్యం లేదు. కానీ జిట్రేగి రెబ్బలు ఇంకా వెడల్పుగా, గుండ్రంగా ఉంటాయి, కాయ పొడుగ్గా పల్చటి పట్టీలా ఉంటుంది, పూలు చిన్నవి, తెల్లవి, బెరడుకు ఇలా ఎర్ర జిగురు కారదు. గుండ్రటి రెక్క కాయ దొరకగానే జిట్రేగి వెళ్లిపోయింది.

ఇక మిగిలింది చందనం, వేగిస. ఇక్కడ కాయ పనికిరాదు, రెండింటికీ అదే రకం గుండ్రటి రెక్క కాయ. జిగురూ పనికిరాదని లంకమల గారు ముందే చెప్పారు. ఆకే తేల్చాలి. చందనానికి సాధారణంగా మూడు రెబ్బలు, అప్పుడప్పుడు ఐదు, అవి కోలగా కాకుండా బాగా వెడల్పు, అడుగున సన్నటి నూగుతో పాలిపోయినట్టు ఉంటుంది. వేగిసకు ఐదు నుంచి ఏడు, కోలగా, రెండు వైపులా నున్నగా, పక్క ఈనెలు దగ్గర దగ్గరగా. మీరు రాసిన ప్రతి ముక్కా వేగిసకే సరిపోతోంది, బెరడు కూడా. ఇంకా గట్టి రుజువు కావాలంటే పూత కోసం ఆగండి. రెండింటివీ పసుపు పూలే, కానీ చందనం ఎండాకాలంలో పూస్తుంది, వేగిస వానాకాలం చివర్లో. అప్పుడు చెట్టు కింద నేలంతా పసుపు అవుతుంది, తేనెటీగల మోత పొలం ఇవతలికి వినిపిస్తుంది.

ఇంకొక్క మాట చెప్పాలనిపిస్తోంది. ఈ చెట్టు శాస్త్రీయనామం పక్కన, దాన్ని వర్ణించి పేరు పెట్టినవారిగా రాక్స్‌బర్గ్ పేరు ఉంటుంది, జిట్రేగి పేరు పక్కనా ఆయన పేరే. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి మన తీరంలోని, కొండల్లోని మొక్కల్ని వర్ణించి, బొమ్మలు గీయించిన స్కాట్లాండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్లేదాకా చాలా ఏళ్లు ఆయన పనిచేసింది మన వైపే. అంటే ప్రపంచం వేగిసను శాస్త్రంగా తెలుసుకున్నది మన నేల మీది చెట్లను చూసే. అలాంటి చెట్టు మీ గట్టు మీద ఉంది.

చేను_చెలక:

చాలా బాగా చెప్పారు సార్. మా ఆదిలాబాద్ అడవుల్లో కూడా వేగిస ఉంది, కానీ ఇంత లావు మాను ఊళ్ల దగ్గర ఇప్పుడు కనిపించడం లేదు. తలుపులకు, దూలాలకు, బండి పనికి అంతా దాన్నే కొట్టారు. అక్కా, దాన్ని కొట్టనివ్వకండి.

మెట్టపంట:

ఇది షుగర్‌కు వాడే చెట్టే కదా? విజయసార్ అని చెక్క గ్లాసులు అమ్ముతారు, రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగితే షుగర్ తగ్గుతుందంటారు. మా నాన్నగారికి షుగర్ ఉంది. మేడమ్, కొంచెం బెరడు తీసి పంపగలరా, కొరియర్ ఖర్చు నేను పెట్టుకుంటాను.

లంకమల:

తమ్ముడూ, నాన్నగారి గురించి నీ ఆరాటం అర్థమైంది, కానీ ఈ పని అడగొద్దు. వేగిసలు ఊళ్ల దగ్గర చచ్చిపోవడానికి ఇదీ ఒక కారణం. ఒకరు వచ్చి అరచేయంత తీస్తారు, అది చూసి ఇంకొకరు, చివరికి మాను చుట్టూ బెరడు పోతుంది. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. ఆ పొర చుట్టూ తెగితే వేళ్లు పస్తుండి చెట్టు మెల్లగా ఎండిపోతుంది. పైగా గ్లాసు చేసేది బెరడుతో కాదు, చేవతో. నీళ్లు పోస్తే రంగు దిగి, ఎండలో చూస్తే నీలి ఛాయ కనిపించేది ఆ చేవ వల్ల.

ఆకుపుస్తకం:

అవును. ఒక సంగతి కూడా కలుపుతాను. విజయసార్ మీద భారత వైద్య పరిశోధన మండలి కేంద్రాలు చేసిన పరీక్ష ఫలితాలు 1998లో వచ్చాయి, షుగర్ కొత్తగా బయటపడ్డవాళ్ల మీద, వైద్యుల పర్యవేక్షణలో, కొలిచి ఇచ్చిన మందుతో చేసింది అది. చాలామందిలో షుగర్ అదుపులోకి వచ్చిందని రాశారు, కానీ పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేకుండా చేసిన పరీక్ష. ఇంట్లో బెరడు ఉడకబెట్టి తాగడానికీ దానికీ సంబంధం లేదు. మీ నాన్నగారు వాడుతున్న మాత్రలు ఆపకండి, వాటితోపాటు ఇంకేదైనా ఇవ్వాలనుకుంటే ముందు డాక్టరుతో మాట్లాడండి. రెండూ కలిసి షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంటుంది.

మెట్టపంట:

అర్థమైంది సార్, అన్నా. డాక్టరు గారినే అడుగుతాను. మేడమ్, బెరడు వద్దు.

పడమటిగట్టు:

ఈ జవాబులన్నీ మా మరిదికి చదివి వినిపించాను. ఎర్రచందనం కాదు అనగానే, అయితే కొట్టేయొచ్చు కదా అన్నాడు! మా అత్తయ్య మాత్రం గుమ్మం చూపించి, ఇలాంటి చెక్క ఇప్పుడు కొనగలవా అని అడిగారు. చివరికి చెట్టు ఉంచి గట్టును పక్కకు జరపడానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు నా ప్రశ్న, గట్టు మానుకు ఎంత దూరంలో వేయాలి? మట్టి మాను మొదట్లో పోస్తే ఏమైనా అవుతుందా? ఈ కాయలతో మొక్కలు పెంచొచ్చా?

లంకమల:

మంచి నిర్ణయం అమ్మా. మీ మరిదికి ఇది కూడా చెప్పండి, చందనం కాకపోయినా సొంత పొలంలో చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడగాలి, కొట్టేయొచ్చు అనుకుని జేసీబీతో తోసేస్తే జరిమానా పడుతుంది.

గట్టు సంగతికి వస్తే, కొమ్మలు పైన ఎంత మేర పరుచుకున్నాయో చూసుకోండి. కింద నేల మీద కనీసం అంత మేర జేసీబీ తొట్టి దిగకూడదు. నీళ్లు పీల్చే సన్న వేళ్లు లోతుగా ఉండవు, పై అడుగు రెండడుగుల మట్టిలోనే ఎక్కువ ఉంటాయి, ఒక్క గాడి తవ్వితే ఒక పక్క వేళ్లన్నీ పోతాయి. మాను మొదట్లో మట్టి అస్సలు పోయకండి. బెరడు మట్టిలో కప్పబడితే తేమకు కుళ్లి చెదలు లోపలికి పోతాయి. డ్రైవర్‌కు నోటితో చెబితే సరిపోదు, నాలుగు కర్రలు పాతి తాడు కట్టండి, వాళ్లకు గీత కనిపిస్తేనే ఆగుతారు. ఎండాకాలంలో గట్టు గడ్డికి నిప్పు పెట్టే అలవాటు మీ వైపు ఉంటే, ముందే ఆ చెట్టు చుట్టూ గడ్డి కోసి తీసేయండి.

ఆకుపుస్తకం:

కాయల సంగతి నేను చెబుతాను. కొమ్మ మీదే ఎండి గోధుమ రంగుకు తిరిగినవి ఏరండి, నేల మీద చాన్నాళ్లు ఉన్నవాటిని పురుగు తినేసి ఉంటుంది. పై పెంకు గట్టిది, నీళ్లు లోపలికి త్వరగా పోవు. అందుకని రెక్క అంచులు కత్తెరతో కత్తిరించి, రెండు రోజులు నీళ్లలో నానబెట్టండి, నీళ్లు రోజూ మార్చాలి. ఆ తర్వాత ఇసుక, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపిన సంచుల్లో ఒక్కో కాయ పెట్టండి. అన్నీ మొలవవు, కాబట్టి కావలసినన్నింటి కంటే చాలా ఎక్కువే వేయండి. మొదటి ఆకులు చూసి కంగారు పడకండి, అవి పెద్ద చెట్టు ఆకుల్లా ఉండవు. వానలు బాగా పడ్డాక నేలలో నాటి, మేకలకు అందకుండా చుట్టూ ముళ్లకంప కట్టండి, లేత వేగిస ఆకు పశువులకు ఇష్టం.

మొక్క నాటేది గట్టు మీదే అయితే పెద్ద చెట్టు నీడలో పెట్టకండి, దానికి ఎండ కావాలి. చివరగా, వానాకాలం పోయేటప్పుడు పూత వస్తే ఫోటోలు తేదీతో సహా తీసి, మొక్కలు, జంతువుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైట్‌లో పెట్టండి. కచ్చితమైన చోటు కనిపించకుండా దాచే సౌకర్యం అందులో ఉంది, అది తప్పకుండా వాడండి. చేవ ఉన్న మాను ఎక్కడ ఉందో తెలిస్తే వచ్చే వాళ్లు ఫోటోలు తీయడానికే రారు. ఇక్కడ పెట్టిన మొదటి ఫోటోలో వెనక కొండ, కరెంటు స్తంభం నంబరు కనిపిస్తున్నాయి, దాన్ని కూడా తీసేసి బెరడు మాత్రమే ఉన్నది పెట్టండి.

పడమటిగట్టు:

తీసేశాను సార్. కాయలు రేపు కోయిస్తాను, కర్రలు, తాడు మా మరిది తెస్తానన్నాడు. మొలకలు వచ్చాక మళ్లీ ఇక్కడే రాస్తాను.